సాక్షి దిబ్బ

మెంటాడ దాటి, చంపావతి వంకర తిరిగే కాడ
గొర్రెలమెట్ట మీద ఉపాధి పని.
నేను మేట్‌ని. నా చేతిలో టేపు, మస్టరు.
తవిటమ్మ జట్టుకి ఒక గుంట కొలిచి ఇచ్చాను,
పక్కది కూర్మాలు జట్టుకి
(గట్టు తగువులో మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు),
కొండ దిగొచ్చిన గెమ్మెలోళ్ళకి చివరిది.
గుంటకీ గుంటకీ నడుమ తవ్వని మట్టి.
ఎంత లోతు దిగామో ఇంజినీరుకి అదే చెబుతుంది.
సాక్షి దిబ్బ అంటాం.

మూడోనాడు గునపం కింద మట్టి రంగు మారింది.
ఎర్రటి నేలలో నల్లటి వంపు.
బూడిద. ఎద్దు దవడ. బోర్లించిన కుండ.
ఒక రాతి గొడ్డలి,
అరచేతిలో చేపపిల్లలా నున్నగా, చల్లగా.

పని ఆగింది. విశాఖ నుంచి ఒకాయన వచ్చి
మోకాళ్ళ మీద కూచుని నెల్లాళ్ళు కుంచెతో ఊడ్చాడు.
నల్లటి వంపు మెట్ట చుట్టూ తిరిగింది,
పగిలిన గాజు ముక్కలు గుండ్రంగా పేర్చినట్టు
తెగుతూ తెగుతూ.
"ఇన్ని దారులు వదిలిన కందకం
ఎవర్ని ఆపుతుంది?" తనలో తనే అడుక్కున్నాడు.

తవిటమ్మ నోట్లోంచి అడ్డపొగ తీసి నవ్వింది.
"ఆపడానికేటి బాబూ, రావడానికి.
ఒకో ఊరోళ్ళది ఒకో గుంట.
మజ్జిన మట్టి ఉంచకపోతే
ఒకల కాడికి ఒకలు ఎలాగెల్తారు?"

ఆయన రాసుకున్నాడు.
నేనూ రాసుకున్నాను, మస్టరు వెనక పేజీలో.

ఇక్కడ ఎవరూ కాపురం లేరట. పొయ్యి ఉంది, గుంజ లేదు.
ఏడాదికోసారి మందల్ని తోలుకొచ్చి
ఏ దూడ ఎవరిదో, ఏ పిల్ల ఎవరింటికో తేల్చుకుని
కోసుకు తిని, ఎముకలు గుంటలో పేర్చి
తవ్విన మట్టి తామే కప్పేసి పోయేవారట.
కప్పేయడానికే తవ్వడం!
మాకైతే బిల్లు పాసవదు.

ఆయనా కప్పించే వెళ్ళాడు.
మా పని మెట్ట కిందికి మారింది. అవే జట్లు, అదే టేపు.

ఇంజినీరు కొలిచాడు.
కొలిచాక దిబ్బలు పడగొట్టాలని రూలు.
మూడు కొట్టేశారు.
నాలుగోదాని మీద కూర్మాలు,
ఆరిన చుట్ట చెవిలో దోపుకుని
తవిటమ్మ వైపు నడుస్తున్నాడు.
ఆమె చూడనట్టే చూసి
నోట్లోంచి నిప్పు బయటికి తీసింది.

గునపం ఎత్తిన కుర్రాణ్ణి
చేత్తో ఆగమన్నాను.