నేదు

వేట నిషేధం తీరి బోట్లు తొలిసారి ఒడ్డుకొచ్చిన తెల్లవారుజాము.
ఫిషింగ్ హార్బరు షెడ్డులో
రెండు నెలలు పస్తున్న కాటాలు.

ఆ కాటా కడుపులో ఉన్న సి కోడు నాది.
రుషికొండ మీద ఏసీ చల్లదనంలో
మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రాశాను:
గుమస్తా కొట్టిన పెట్టెల లెక్కని అరవైతో గుణించు,
అంత జాగా అడుగు.
పెట్టెకి అరవై బైట్లు: పేరు, చేప, బరువు, ధర.
రాసి, టీకి వెళ్లిపోయాను.

ఏనాడూ వెయ్యి దాటని పెట్టెలు
ఆవేళ పదకొండొందలు.
అరవై ఆరు వేల బైట్లు కావాలి.
చిన్న యంత్రం. అరవై అయిదు వేల
అయిదొందల ముప్ఫై అయిదు దాకానే దానికి వేళ్లు;
ఆపైన పాత స్కూటరు మీటరులా
గిర్రున సున్నాకి తిరిగి మళ్లీ మొదలెడుతుంది.
నాలుగొందల అరవై నాలుగు, అనుకుంది.
అంతే ఇచ్చింది. మర్యాదగా ఇచ్చింది.
ఏడు పెట్టెలు సుఖంగా పట్టాయి.
ఎనిమిదోదాని కాలు పక్కింటి గడపలో.
తొమ్మిది నుంచీ అందరూ పక్కింట్లోనే.

మైలపిల్లి నూకాలమ్మ ఇరవై పెట్టెల వంజరం
ఎవరిదో ఐసు బాకీలో కరిగిపోయింది.
కాటా మాట ఆవిడ ఏనాడూ నమ్మలేదు,
గోడ మీద బొగ్గు గీతలున్నాయి.
నేను కొండ దిగి వెళ్లేసరికి
పొలుసులంటిన చెయ్యి నడుము మీద పెట్టి అంది:
"నేకపోతే నేదని సెప్పాల గదేటి బాబూ!
ఉందని సెప్పి
పక్కోడింట్లో తొంగోబెడతావేటి?"

తిరిగొచ్చి వెతికితే ఆ గుణకారం
మా కోడులో నలభై ఒక్క చోట.
అన్నిచోట్లా అతుకులేసినా
నలభై రెండోది రేపొచ్చే కుర్రాడు రాస్తాడు.
వేయాల్సింది అడుగున,
అందరూ కాళ్లు మోపే లైబ్రరీలో.

కొత్త ఫంక్షను ఆరే లైన్లు.
కిటుకు, మా లెక్కల మాస్టారు చెప్పనిది:
గుణించే ముందు భాగించి చూడు.
చేతిలో పట్టేదాన్ని అరవైతో భాగిస్తే
వెయ్యీ తొంభై రెండు. అంతకు మించి అడిగితే
గుణించకు. బేరమాడకు.
చారెడిచ్చి చేతులు దులుపుకోకు.
లేదని చెప్పు.

పాత్రో గారు కళ్లజోడు నుదుటికి తోసి
"ప్రతిసారీ ఒక భాగహారం దండగ" అన్నారు.
కిటికీలోంచి చూపించాను.
దూరంగా బారులు తీరి లంగరేసిన ఓడలు.
బెర్తు లేదంటే ఎన్నాళ్లయినా నీళ్లలోనే ఆగుతాయి;
ఉందనుకుని లోపలికొస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు,
పోర్టులో పదేళ్లు చేసిన మనిషి.
ఇంకేమీ అనలేదు. ఫంక్షను పేరు బాలేదన్నారు.
ఆ పేరుకే మూడు రోజులు పట్టింది.

ఎవరూ అడక్కుండా రెండోదీ చేర్చాను:
జాగా వదిలేముందు సున్నాలతో కడిగేది.
వేలంపాట అయ్యాక ఆడవాళ్లు
గచ్చు మీద ఉప్పునీళ్లు కొట్టినట్టు.
నూకాలమ్మ బ్యాంకు నంబరు
తర్వాత వచ్చినవాడి అరికాళ్లకి అంటకూడదు.
కంపైలరుకి తెలివెక్కువ:
ఎలాగూ ఖాళీ చేసే ఇల్లు ఊడ్వడమెందుకని
చీపురు దాచేసింది.
దాని కళ్లు కప్పడానికి ఇంకో రాత్రి.

ఈ జూన్‌లో మళ్లీ వెళ్లాను.
గుమస్తా పదకొండొందల ఇరవై కొట్టగానే
కాటా ఆగి, ఎర్రగా ఒక మాట చూపింది.
ఆ మాటని పాత్రో గారు రెండుసార్లు దిద్దారు,
రెండుసార్లూ నేను తిరిగి పెట్టాను.

నూకాలమ్మ కూడబలుక్కుని చదివింది: నే... దు.
"ఇప్పుడు సరిగ్గా మాటాడతంది" అని,
కొంగుముడిలోంచి బొగ్గుముక్క తీసి
గోడవైపు నడిచింది.