రెండో నిట్టూర్పు

నా కారుకు పధ్నాలుగేళ్ళు.
సబ్రోజా నుంచి వీలా రియాల్‌కి రోజూ పొద్దున్నే
ద్రాక్షతోటల మెట్ల మధ్య
పాము కుబుసంలా పడున్న రోడ్డు మీద
నేనూ, అదీ.
వారంలో మూడు రోజులు పక్కసీట్లో బెల్మీరు.

ఇదే దారిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషి.
ఇప్పుడు రక్తం కడిగించుకోవడానికి పోతూ
ఉప్పులేని సూపు డబ్బా ఒళ్ళో పెట్టుకుని
నా గేర్లకు వంకలు పెడుతుంటాడు.

నాలుగో మలుపులో కారు ఒరిగింది.
"విన్నావా ఇవోన్, రెండుసార్లు నిట్టూర్చింది.
మొదటిది బరువుది. దానికేం చెయ్యలేం.
రెండోది ముసలితనానిది."

ఆ రాత్రి నిద్రపట్టక ధరలు చూస్తూ కూర్చున్నాను.
వెనక దంతం కట్టించుకుందామని దాచినవి
తొమ్మిది వందల యూరోలు.

మా మందుల షాపు ఎదురు సెలూన్ టెల్మూకి
అడక్కముందే జవాబు తెలుసు:
కాయిలోవర్లు వెయ్యి. మూడు వేళ్ళు కిందికి దించు.
ముప్ఫై రెండు క్లిక్కులు, నీ ఇష్టమొచ్చినంత బిగించుకో.
వాడి కారెక్కి ఊరు చుట్టొచ్చాను.
నున్నటి రోడ్డు మీద, ఒప్పుకోవాలి,
గీత గీసినట్టు పోయింది.
చర్చి వెనక రాళ్ళు పరిచిన వీధిలోకి తిరగ్గానే
నా పళ్ళు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
ప్రతి రాయికీ చక్రం ఎగిరి
గాల్లో ఉన్నంతసేపూ
స్టీరింగు నా చేతిలో ఉత్త పళ్ళెం.
నేలను వదిలేసిన టైరుకి
మలుపొచ్చిందని ఎవరు చెప్తారు?

అదేరిటూ షెడ్డులో కారును పైకెత్తాడు.
ఇన్నేళ్ళు ఎక్కి తిరిగిన దాని కడుపు కింద
మొదటిసారి నిలబడ్డాను.
టార్చి వెలుగులో బుష్‌ల రబ్బరు
చలికాలపు మడమలా పగిలి ఉంది.
వెనక ఎడమ షాక్ అబ్జార్బరుకి
చెమట పట్టినట్టు నూనె.
ఇనుపచువ్వ పెట్టి ఎగదోశాడు,
కదలకూడనిది కదిలింది.
"స్ప్రింగులేం పాపం చేశాయి?
చెప్పులో రాయుంటే మోకాలికి కట్టు కడతావా?"

వంగడానికి స్ప్రింగు ఉండనే ఉంది,
ఆ వంగడం ఎక్కడ చాలించాలో చెప్పే నూనె
కారిపోయింది, అంతే.

అట్టముక్క మీద మసివేళ్ళతో రాసిచ్చాడు.
ముందు టైర్లు, మంచివి, వెడల్పు పెంచకుండా.
బుష్‌లన్నీ.
నాలుగు షాకులు, కంపెనీవాటికన్నా పిసరంత బిగువు.
ఆఖర్న అలైన్‌మెంట్, అది ఎగ్గొడితే నా మొహం చూడకు.
ఇంకా డబ్బుంటే వెనక రోల్ బారు,
పాతదానికన్నా రెండు మిల్లీమీటర్లు లావు.

"రెండు మిల్లీమీటర్లకేం తేడా?"
"సూపులో ఉప్పునడుగు," అన్నాడు.

లెక్క వెయ్యి దాటింది.
రోల్ బారు కొట్టేద్దామని పెన్ను తీసి
కాసేపు పట్టుకుని
రెండు నెలల వాయిదా అడిగాను.
దంతం నమలనిచ్చినంత కాలం నమలనీ.

సోమవారం. మంచు విడవలేదింకా.
నాలుగో మలుపులో బ్రేకు వదిలి తిప్పాను.
ముందు చక్రాలు విన్నాయి.
వెనకవి, ఎప్పుడూ ఓ క్షణం ఆలోచించేవి,
ఆలోచించలేదు.
ఒకే ఒక్క నిట్టూర్పు.
బెల్మీరు సూపు డబ్బా మూత మీంచి
చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఓ మంచి మాట అంటాడేమోనని ఓరగా చూశాను.
వంతెన దాటింది, చర్చి వెనక రాళ్ళూ దాటాయి,
నోరు విప్పితే ఒట్టు.
ఆసుపత్రి గేటు దగ్గర దిగి
తలుపు పట్టుకుని వంగి అన్నాడు:
"కుడివైపు బారు క్లాంపు కిర్రుమంటోంది.
గ్రీజు పెట్టించు."

రెండడుగులు వేసి మళ్ళీ వచ్చాడు.
"బుధవారం పిన్యావ్ మీదుగా పోదాం."
"చుట్టు కదా," అన్నాను.
"అటు మలుపులెక్కువ."