ఆరున్నరేళ్ళ కాపురం

ఫోన్లో అడగాల్సినవి నాలుగే.
జీతమెంత, వయసెంత, పెళ్ళయిందా,
ఇద్దరూ కలిసి వస్తారా.
ఒక్కణ్ణే రానివ్వొద్దంటాడు ఫిరోజ్ సార్,
ఒక్కడే వస్తే ఇంట్లో అడిగొస్తానంటాడు,
ఇక రాడు.
ఆరువందల రియాళ్ళకు తగ్గితే
పేరు పక్కన ఎర్రచుక్క.
నా జీతానికి నేనే చుక్క పెట్టుకోవాలి, ఆ సంగతి వేరు.
తెలుగువాళ్ళ జాబితా నాది. మస్కట్ మొత్తమ్మీద
నేను చుక్క పెట్టని తెలుగు గొంతు తక్కువ.

జూన్ నెల, శుక్రవారం సాయంత్రం, రువీలో హోటల్.
బయట కొండలు పెనంలా కాగుతున్నాయి.
లోపల చలికి కుండీల్లో పూలు ముడుచుకున్నాయి.
గుమ్మం దగ్గర నేను, ట్యాబ్, పచ్చ రిబ్బన్ల డబ్బా.
సముద్రం కనిపించే గదిలో ఏడాదికో వారం
ముప్ఫై ఏళ్ళపాటు మీదే అని అమ్ముతాం.
విన్నవాళ్ళకు భోజనం, ఒక బహుమతి.

వాళ్ళిద్దరూ ఆరింటికి వచ్చారు.
అతని చొక్కా కొత్తది, మడతలు పోలేదు,
మెడ వెనక గుండుసూది మర్చిపోయాడు.
ఆమె చేతులకు సబ్బు వాసన,
సబ్బు కింద వెల్లుల్లి.
"ఏసుపాదమండి. ట్రాన్స్‌పోర్టులో సూపర్‌వైజర్నండి, ఏడువందలండి."
"రెడ్డెమ్మ. ఈయప్ప పెండ్లామును."
ఒక మాటలో గోదారి పాయ,
ఇంకో మాటలో రాయచోటి బండల మీది ఎండ.
అలాంటి పెళ్ళిళ్ళు కావని కాదు.
కానీ పెళ్ళయినవాళ్ళు పక్కపక్కన నిలబడితే
మధ్యలో అంత మర్యాద ఉండదు.

ఐదో గడి: పెళ్ళయి ఎన్నేళ్ళు?
"నాలుగండి" అన్నాడతను.
"తొమ్మిది" అందామె, అదే క్షణాన.

వెనక వరసలో ఒక ఇంజనీరూ భార్యా,
నిజమైన దంపతులు,
ఎవరి ఫోన్లోకి వాళ్ళు చూసుకుంటున్నారు.
ఫిరోజ్ సార్ నావైపే చూస్తున్నాడు.
రెడ్డెమ్మ చెవి జూకా ఊగడం ఆగిపోయింది.

నేను బళ్ళో లెక్కల్లో గట్టిదాన్నే.
నాలుగూ తొమ్మిదీ పదమూడు, సగం చేస్తే ఆరున్నర.
గడిలో అరలు పట్టవు. ఆరు కొట్టాను.
రిబ్బన్లు కట్టి, అతని మెడ వెనక్కి
కళ్ళతో చూపించాను.
ఆమె గుండుసూది తీసింది,
నిప్పుకణికను తీసినట్టు, రెండు వేళ్ళతో.

తొంభై నిమిషాలు.
అందరి తలలూ బిర్యానీ వాసనవైపు తిరుగుతుంటే
ఏసుపాదం ఒక్కడే కాగితమ్మీద రాసుకున్నాడు.
"ముప్ఫై ఏళ్ళయ్యాక ఆ వారం ఎవరిదండి?"
నాలుగేళ్ళుగా ఈ గుమ్మంలో ఉన్నాను,
ఎవరూ అడగలేదా మాట.
తెరమీద దానికి జవాబు లేదు.
రెడ్డెమ్మ బొమ్మలో వంటగదిని చాలాసేపు చూసింది.
"పొయ్యికెదురుగా కిటికీ పెట్టినారు," అంది,
"వండేదెవురో తెలిసినోళ్ళే కట్టినారు."

బహుమతి మిక్సీ అని ఎవరు చెప్పారో వాళ్ళకి.
కవర్లో ఉన్నది సలాలాలో రెండు రాత్రులు,
వానాకాలంలో, దంపతులకు మాత్రమే,
పేర్లు మార్చరాదు.

అద్దంలోంచి చూశాను.
పార్కింగులో కవరు మధ్యన పెట్టుకుని నిలబడ్డారు,
ఎవరెత్తుకోవాలో తేలని పసిబిడ్డ దగ్గర నిలబడ్డట్టు.
అతనేదో అన్నాడు.
ఆమె నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోకుండానే.
కవరును సరిగ్గా సగానికి మడిచింది,
చింపుతుందనుకున్నాను.
జాకెట్లో దోపుకుంది.

ఆదివారం పొద్దున వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు.
నిర్ణయం ఎవరిదో కనుక్కోవాలి, అది నియమం.
"గది గురించి ఏమనుకున్నారు మేడం?"
అవతల ఎవరింటి కుక్కరో మూడు విజిళ్ళు వేసింది.
ఆగింది రెడ్డెమ్మ.
"మా ఆయప్పను అడిగి చెప్తా" అంది,
ఆ మాటకు ఉప్పు సరిపోయిందో లేదో
నాలిక మీద వేసి చూసుకున్నట్టు.