ఖాళీ గడి

ఇమెరేతి కొండల్లో చీకటి
ముందు గుహలోంచే బయల్దేరుతుంది.
వల బిగించి కూర్చున్నాం
లమ్జీరా, నేను, దారి చూపిన ఒతారి తాత.

మొదటి గబ్బిలం.
పుచ్చిన అక్రోటు కాయంత బరువు.
కొరికింది. తోలు గ్లవ్ మీద పంటి గాట్లు.
రెక్క నరంలోంచి ఒక్క చుక్క,
కాగితం గుటుక్కున తాగేసింది.

"రోగమా?" చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ తాత.
"దానికి కాదు."
"మరి మనకో?"
లమ్జీరా తలదీపం వెలుగు తగ్గించింది.

నవంబరులో, తిబిలిసిలో, ఫలితాలొచ్చాయి.
ఒకే గుహ, ఒకే చూరు,
ఇరవైమూడు గబ్బిలాల నెత్తుట్లో
తొమ్మిది వంశాల బాక్టీరియా.
ఒకదాని ఒంట్లోనైతే రెండు కాపురాలు,
నడుమ గోడ
నాలుగైదు అక్షరాల మందం.

ఫోన్‌లో చెప్తే తాత నవ్వాడు.
"మా అమ్మది స్వాన్ మాట, నాన్నది మెగ్రేలి.
రొట్టెకి మా ఇంట్లో రెండు పేర్లు.
ఏ పేరుతో అడిగానో దాన్నిబట్టి
ముక్క పెద్దదో, చిన్నదో."

ఆగి, మళ్ళీ అడిగాడు:
"ఆ కరిచినదాంట్లో ఏముంది?"

పట్టిక పైకి జరిపాను. ఒకటో నంబరు.
ఖాళీ గడి.
ఏమీ లేదని రాయాలో
చదవడం మాకు రాలేదని రాయాలో
తేలక
లమ్జీరా ఇంకా పెన్సిలు కొరుకుతోంది.