చొక్కా మీద పొడి

నిజ్వాల ఫిబ్రవరి.
ఖల్ఫాన్ ఇచ్చిన మగ గెల వాసన చూసిన:
తడిపిన బియ్యప్పిండి.

పోద్దాడు ఎరుకే, పండుతాడు ఎరుకే,
రెండింటికీ లొట్లు కట్టినోణ్ణి.
ఈడ గీసుడు లేదు.
ఆడ పొత్తి చీల్చి, నాలుగు మగ రెబ్బలు
తలకిందులుగ దోపి
ఆకు ఈనెతో వదులుగ ముడేసుడే.

తేనెటీగలు ఏం జేస్తున్నయి మరి?
అడిగితే నవ్విండు ఖల్ఫాన్.
అవి మగచెట్టు కాడనే ఆగుతయట,
ఆడపువ్వుల వాటికి దొరికేదేముంది!
గాలిని నమ్ముకుంటే
సగం గెల పొల్లు.

గింజ పెడితే తల్లి పోలిక రాదు,
ఖునైజీకి ఖునైజీ పిలకే నాటాలె.
తండ్రిని మాత్రం ఏటేటా మార్చొచ్చు:
ఒకని పొడికి కాయ లావు,
ఇంకొకనికి వారం ముందే పండు.
అందుకే సీసాల మీద పేర్లు.
నాకు ఆ రాత రాదు,
మూతల రంగులు గుర్తుపెట్టుకున్న.

ముప్పై ఆరో చెట్టు దిగి
చొక్కా తీగ మీదేసిన.
పొద్దుగూకాలె చూస్తే
జేబు మీద ఒక తేనెటీగ,
కాళ్లకు పసుపు మూటలు కట్టుకుంటున్నది.

సబ్బు పట్టుకొచ్చిండు ఖల్ఫాన్.
రేపు ఉతుకుత తీ అన్న.