రెండు తాళాల గోదాము

గోదాము తలుపుకి రెండు తాళాలు.
ఒకటి కంపెనీది, ఒకటి రాణిగారిది.
రాణిగారి తాళంచెవి ముప్పై ఒక్క ఏళ్లు
నా నడుముకి వేలాడింది.
వాళ్లు లేకుండా నేను, నేను లేకుండా వాళ్లు
లోపల అడుగు పెట్టలేం.
ఇంత నమ్మకం పెళ్లిళ్లలో కూడా చూడలేదు,
ఇంత అపనమ్మకం కూడా.

సుంకం అధికారిని.
ముక్కుసూటి మనిషినని ద్వీపమంతా పేరు.
ఆ ముక్కుని మాత్రం ఏ పనికీ వాడలేదు.
పీపాలోకి బద్ద దింపడం,
తడి ఎందాకా ఎక్కిందో చూడడం,
అంకె రాసుకోవడం.
చుక్క నోట పడనివ్వనని
పదహారో ఏట చర్చిలో
మేనత్త పక్కన నిలబడి ఒట్టేశాను.
మేనత్త పోయింది.
ఒట్టు మిగిలింది, చిన్నప్పటి కోటులా,
చంకల్లో బిగుతుగా.

ఇవాళ ఆఖరి రోజు.
టోర్క్విల్ నన్ను పదకొండో వరుస చివరికి తీసుకెళ్లాడు.
పీపాలు బిగించే మనిషి. చూపుడువేలు సగమే.
ప్యాంటు కాలులోంచి రాగి గొట్టం తీశాడు,
అడుగున ఒక నాణెం అతికించి ఉంది.
వీళ్లు దాన్ని కుక్క అంటారు,
యజమానిని వదలదు కాబట్టి.
ఇన్నేళ్లూ నా కళ్ల ముందే
సాయంత్రం కుంటుతూ ఇంటికెళ్లేవాడు.
కీళ్లనొప్పులనుకున్నాను.
నిజం చెప్పాలంటే, అనుకోలేదు.

"మీరు వదిలేసిన పీపా ఇది," అన్నాడు.
గుర్తే. రెండేళ్ల కిందట, పాతవి కారుతుంటే
సరుకు మార్చిపోయడానికి పీపాలు లేవు.
ఓడలో వచ్చిన వాటిలో నాలుగు నల్లబీరువి,
ఎవరో చూసుకోకుండా నింపేశారు.
పద్ధతి ప్రకారం నేను అభ్యంతరం రాయాలి.
బయట వాన. వేళ్లు కొయ్యబారాయి.
"ఓక్, నాలుగు" అని రాసి పేజీ తిప్పాను.
నా ఉద్యోగం మొత్తానికి అదొక్కటే దయ.
బద్ధకమేమో.

గ్లాసు కాదు, టీకప్పు. పిడి విరిగింది.
ముందు వాసన చూడమన్నాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
బార్లీ కింద పీట్ మట్టి కాల్చిన ఆ నిప్పు
పద్నాలుగేళ్ల కిందటే ఆరింది.
పొగ ఒక్కటే ఇంకా
ఇంటిదారి వెతుక్కుంటోంది.
తడిసిన తాడు. పడవ అడుక్కి పూసే తారు.
అప్పుడే కడిగిన ఆస్పత్రి నడవా.
ఇది తాగేదేనా అని అడగబోయి
నాలుక కరుచుకున్నాను.

తర్వాత గుటక.
మంట. మంట కింద ఉప్పు.
అయిపోయిందనుకుని కప్పు దించాను,
వెనకనుంచి ఇంకెవరో వచ్చారు:
మాడిన రొట్టె అంచు, కాఫీ గింజ,
ముదిరిపోయిన పాకంలోని చేదు.
పిలవని పేరంటానికి వచ్చి
ఎవరితోనూ మాట్లాడకుండా
వంటింట్లో గిన్నెలన్నీ తోమిపెట్టే మనిషిలా
ఆ బీరు.
పొగ పొగరు కాస్త దించి
పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎలా ఉంది?"
నా దగ్గర అంకెలే ఉన్నాయి.
"యాభై ఎనిమిది శాతం ఉంటుంది," అన్నాను.
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
రెండో గుటక దగ్గర నేనూ.

ఏటా పీపాలో తగ్గిందాన్ని
"ఆవిరి" అని రాస్తూ వచ్చాను.
దేవదూతల వాటా అంటారు పనివాళ్లు.
నా పుస్తకంలో దేవదూతలకు గడి లేదు.
ఇవాళ ఒక కప్పు తేడా.
పెన్ను తీశాను.
టోర్క్విల్ పైకప్పు వైపు చూస్తున్నాడు.
"ఆవిరి," రాశాను. చెయ్యి వణకలేదు.

ముందు అతని తాళం, తర్వాత నాది.
బయట చలికి
నా నోట్లోంచి తెల్లగా ఊపిరి,
పొగ వాసనతో, సముద్రం మీదికి.
మరీ అబద్ధమేం కాదు, రాసింది.

టోర్క్విల్ కుక్కని కాలులో దోపుకుని
ముందు నడిచాడు.
ఇవాళ కుంటడం మరిచిపోయాడు.