దాల్ కొట్టంగనే

ఫర్వానియాల, ఇరానీ రొట్టెల బట్టీ పక్కన
మూడు కుర్చీల టైపింగ్ దుకాణం మాది.
హంజా కాక గల్లపెట్టె కాడ,
నేను కీబోర్డు కాడ. ఏడేండ్లాయె.
అరబ్బీ నాకు నోటికి రాదు, వేళ్ళకొచ్చు.
కోరుట్లల బీడీలు చుట్టే ఇంట్ల పుట్టినోణ్ణి,
చేతికి అలవాటైతే చాలు, కండ్లతోటి పనిలేదు.

ఎన్ని పనిముట్లు జమ చేసిన్నో చూడు.
ఫొటోను పిండి పిండి రెండొందల కేబీ చేసే
బుడ్డ సాఫ్ట్‌వేర్ ఒకటి:
మొన్న ఒక మేస్త్రి మొఖం పిండితే
అంతా మసకబారింది గానీ
బుగ్గ మీది పుట్టుమచ్చ పోలే.
పీడీఎఫ్‌లు కుట్టేది ఒకటి. లగ్గం కాగితం, అఖామా, బతాకా
ఒక్క దారానికి, మా అమ్మ బీడీకట్ట కట్టినట్టు.
కాపీ కొట్టిన ముక్కలు ఇరవై అయిదు యాదికుంచుకునేది ఇంకొకటి;
పొద్దుమూకి చూస్తే అండ్ల
ఎవలెవలియో పాస్‌పోర్టు నంబర్లు, ఒక దవాఖాన పేరు,
"మాఫీ చేయగలరు" అన్న మాట నాలుగుసార్లు.
పాస్‌వర్డ్ల డబ్బా సంగతి అడగకు.
అరవై మంది తాళాలు నా దగ్గర. అన్నీ బిడ్డల పేర్లే.

అన్నింట్ల నాకు ముద్దొచ్చేది పొట్టిమాటల యంత్రం.
రెండక్షరాలు కొట్టి స్పేస్ నొక్కితే
పేరాకు పేరా దిగుతది, కట్ట తెగినట్టు.
జీమూ అంటే, మూడు నెల్లాయె జీతం రాలే.
పాగు అంటే, పాస్‌పోర్టు కఫీల్ గుంజుకున్నడు.
తంపో అంటే, తండ్రి పోయిండు, నెల రోజులు సెలవు.
నెలాఖరుకు అదే లెక్క చెప్తది:
ఈ నెల మీకు పదకొండు గంటల నలభై నిమిషాలు మిగిలినయి.
హంజా కాక నవ్విండు: ఏడ దాచినవ్ రా, బ్యాంకులనా?
నిజమే. దేవులాడిన. దొరకలే.

ఒక శుక్రవారం దస్తగిరమ్మ వచ్చింది. రాయచోటి ఆమె,
ఖద్దామా వీసా, తొమ్మిదేండ్లు ఒక్క ఇంట్లనే.
నా వేళ్ళు అప్పటికే జీమూ మీదున్నయి.
"జీతం కాదు నాయనా, అది నెలనెలా ఇస్తాండారు."
పాగు?
"అదీ కాదు."
మరేంది?
"నాకన్నా ముందు ఆ ఇంట్లో మేరీ అని శ్రీలంకామె పనిచేసింది.
ఆమె పోయినాక నేనొచ్చినా. నన్నూ మేరీ అనే పిలుస్తాండారు.
పిల్లోళ్ళు గడ్డాలొచ్చినోళ్ళయినారు, వాళ్ళకూ మేరీనే.
దర్గాలో మొక్కుకోని మా అవ్వ పెట్టిన పేరు.
నాకూ ఒక పేరుండాదని మేడమ్‌కు రాయి.
తగువు కాదు. ఊరికే రాయి."

ముప్పై ఆరు పొట్టిమాటలున్నయి నా దగ్గర.
ఒక్కటి పనికి రాలే.

యంత్రం బంద్ చేసిన.
దాల్. సీన్. తా. ఆడికొచ్చి ఆగిన.
అరబ్బీ కీబోర్డుల గ లేదు.
జ పెడితే దస్తజిరమ్మ, క పెడితే దస్తకిరమ్మ,
చదివి వినిపిస్తే రెండూ ఒప్పుకోలే ఆమె.
"తొమ్మిదేండ్లు ఆగినా. సరిగ్గా రాయి."
యాదికొచ్చింది: బట్టీ ముసలాయన
పిండి బస్తాల లెక్క రాసుకునే చీటీల మీద
నెత్తిన రెండు గీతల అక్షరం, ఫార్సీ గాఫ్.
అక్షరాల పటం తెరిచి, గింజల్ల రాయిని ఏరినట్టు ఏరి తెచ్చి
తా పక్కన కూసుండవెట్టిన.

పేరు పూర్తయింది. కింద వంకరటింకర ఎర్ర గీత.
ఆమెకు చదువు రాదు గానీ ఎరుపు కండ్లబడ్డది.
"అదేంది, తప్పా?"
తప్పు కాదమ్మా, దీనికి తెలువదు, అంతే.
మౌసు కుడిదిక్కు నొక్కి 'పదకోశంలో చేర్చు' అన్న.
గీత పోయింది.

అర్ధ దినారుకు నలభై నిమిషాలా అని హంజా కాక గులిగిండు.
మేడమ్ చదివిందో, మడిచి సొరుగుల వేసిందో నాకెరుక లేదు.
ఆమె మళ్ళ రాలే.

ఇప్పుడు ఎవని జీతం గోసనో రాస్తుంట.
దినార్లు అని రాయబోయి దాల్ కొట్టంగనే
దస్తగిరమ్మనా? అని అడుగుతది యంత్రం.
కాదని రెండో అక్షరం కొడత.
రోజుకు నలభై సార్లు.